మా బోరు దగ్గరి ఆటో స్టార్టర్ గారికి

జహీరాబాద్ దగ్గర రెండెకరాల చెరకు రైతు నమస్కరించి రాయునది. ఇక్కడ అందరం క్షేమం. మీ క్షేమం అడగక్కర్లేదు, మీ పచ్చలైటు మా మంచం దాకా కనిపిస్తోంది.

మీ మేలు మరిచిపోలేదండీ. ఒకప్పుడు అర్ధరాత్రి కరెంటొస్తే టార్చిలైటు పట్టుకుని, కాలికింద తాడో పామో తెలియని గట్టు మీద పరిగెత్తేవాళ్లం. మీరొచ్చాక కరెంటు రాగానే టక్‌మని మీరే మోటారు వేసేస్తారు, నేను అటు తిరిగి పడుకుంటాను.

చిక్కల్లా 2018 జనవరి 1న మొదలైంది. ఆ రోజు నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు. కరెంటు పోయినా మళ్లీ వస్తుంది, మీరు మళ్లీ టక్. మొన్న వానాకాలంలో ఓ రాత్రి గొడుగేసుకుని వెళ్లి చూద్దును కదా, పైనుంచి కుండపోత, పక్కనుంచి మీ పైపు పోత! గట్టు తెగి నీళ్లన్నీ పక్కాయన కందిచేలో. తెల్లారాక ఆయన అన్న మాటలు ఇక్కడ రాయలేను.

ఆటో స్టార్టర్లు పీకేయమని ప్రభుత్వం చెప్పింది, నిజమే. లైన్‌మన్ వచ్చిన రోజు మిమ్మల్ని బియ్యం డబ్బాలో దాచింది నేనే. ఆ సంగతి మనలోనే ఉండనీయండి.

చెరకుకు ఏడాదికి తక్కువలో తక్కువ 1,500 మిల్లీమీటర్ల నీళ్లు, వానతో కలిపి. అంటే ఎకరానికి 60 లక్షల లీటర్లు. అందులో వాన ఎంత, మోటారు ఎంత? మీకు లెక్క రాదు. నాకొచ్చు గానీ, బిల్లు రాని చోట లెక్కెవడు చూస్తాడు? మా నాన్న మట్టి పిడికిట్లో పట్టి చూసేవాడు. ఉండ కడితే ఇంకో రెండ్రోజులు ఆగేవాడు. ఆయనకు 150 అడుగుల్లో తగిలిన నీళ్లు నాకు 500 దాటినా తగల్లేదు. లోతు పెరిగేకొద్దీ అదే బిందెడు నీళ్లకు ఇంకాస్త కరెంటు. అది ఫ్రీయే. అడుగుకింతని గుంజేది బోరుబండి వాడు.

డ్రిప్ ఉందిగా అంటారా? ఉంది, సబ్సిడీలో వచ్చింది. దానికి ప్రెషరుండాలి, ఫిల్టరు కడగాలి. చెరకు తలెత్తు దాటాక ఎలుక ఏ పైపు కొరికిందో చూడాలంటే పాక్కుంటూ పోవాలి. ప్రస్తుతం ఆ పైపుల చుట్టలో కోడి గుడ్లు పెడుతోంది.

అయ్యో, ఇప్పుడే టక్‌మన్నారు. బయట చినుకులు మొదలయ్యాయి. ఉత్తరం ఇక్కడికి ఆపుతాను, నా చెప్పులెక్కడున్నాయో ఏమో.

ఇట్లు,
మిమ్మల్ని పీకలేని
మీ రైతు