ఫ్రిజ్‌లో నిమ్మ నీళ్ళు

ఎంబీబీఎస్‌కు ఐదున్నరేళ్ళు, జనరల్ మెడిసిన్ ఎండీకి మూడేళ్ళు, ఆ పైన గ్యాస్ట్రోఎంటరాలజీ, అంటే జీర్ణకోశ వ్యాధుల శాఖలో డీఎంకు మరో మూడేళ్ళు. ఇంత చదువుకు మా బంధువులు ఇచ్చిన బిరుదు "గ్యాస్ డాక్టరు". మనవాళ్ళకు ఛాతీ పట్టేసినా గ్యాసే, నడుము పట్టేసినా గ్యాసే, తల తిరిగినా గ్యాసే. పెళ్ళి భోజనాల్లో పప్పు వడ్డించేలోగా నా పక్క కుర్చీ కోసం పోటీ మొదలవుతుంది. పెరుగు వచ్చేసరికి నలుగురి విరేచనాల చరిత్ర నాకు కంఠతా వచ్చేస్తుంది.

హైదరాబాదులో ఈ శిక్షణకు ఇంకో తంటా ఉంది. మృగశిర కార్తె నాడు నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో గంటల తరబడి వరసలో నిలబడి, బతికున్న కొర్రమీను పిల్లను గుటుక్కున మింగి వచ్చిన పెద్దమనిషి, మా దగ్గర నోట్లోంచి దించి కడుపు లోపల చూసే, చిటికెన వేలంత లావున్న ఎండోస్కోపు గొట్టాన్ని చూడగానే "నా గొంతు చాలా సన్నం సార్" అంటాడు. చేప తనే ఈదుకుంటూ పోతుందట, గొట్టానికి ఈత రాదట. ఈ వాదనకు జవాబు నాకు ఏ పాఠ్యపుస్తకంలోనూ దొరకలేదు.

అసలు సంగతి డీఎం మొదటి సంవత్సరంలో, మే నెలలో జరిగింది. మర్నాడు పెద్దపేగును లోపలి నుంచి చూసే గొట్టం, కొలనోస్కోపు, నా చేతికిస్తానని ప్రొఫెసర్ గారు మాటిచ్చారు. అప్పటిదాకా నా పాత్ర రోగి పొట్టను అరచేత్తో నొక్కి పట్టడం వరకే. పెద్దపేగు దాదాపు మీటరున్నర పొడవు. దాని చివర ఉన్న సీకం దాకా గొట్టాన్ని చేర్చడమంటే మా కుర్రవాళ్ళకు కాశీయాత్ర.

రోగి సూర్యాపేట నుంచి వచ్చిన పెద్దావిడ. పేగు శుభ్రపడటానికి పాలీఇథిలీన్ గ్లైకాల్ పొడిని రెండు లీటర్ల నీళ్ళలో కలిపి సగం రాత్రి, సగం తెల్లవారుజామున తాగాలి. "చల్లగా ఉంటే సులువుగా దిగుతుందమ్మా, రుచి కూడా నిమ్మరసమే" అని సలహా ఇచ్చింది నేనే. ఆ సలహా ప్రకారమే నర్సు మిగిలిన లీటరును డ్యూటీ గది ఫ్రిజ్‌లో పెట్టింది. నాకు చెప్పలేదు. చెప్పడానికి నేను దొరికితే కదా! ఆ రాత్రి రక్తం కక్కుకుంటూ ఇద్దరు వచ్చారు. వాళ్ళ అన్నవాహికలో ఉబ్బిన సిరలకు సీనియర్ రబ్బరు బ్యాండ్లు వేస్తుంటే పక్కన నిలబడి, గదికి చేరేసరికి నాలుగున్నర.

ఫ్రిజ్ తెరిస్తే సీసా నిండా చల్లటి నిమ్మ నీళ్ళు. సిస్టర్‌ది ఎంత మంచి మనసు అనుకున్నాను. ఉప్పు కాస్త ఎక్కువైందని వంక కూడా పెట్టాను. అడుగున రెండు గుక్కలు మర్యాద కోసం వదిలి, హాయిగా నడుం వాల్చాను.

మా శాఖలో వైద్యుడే ముందుగా ప్రయోగానికి దిగే సంప్రదాయం ఒకటి ఉంది. 1957లో బాసిల్ హిర్షోవిట్జ్ ఫైబర్ ఎండోస్కోపును ముందు తన గొంతులోకే దించుకున్నాడు. 1984లో బ్యారీ మార్షల్ కడుపులో పుళ్ళు తెచ్చే హెలికోబాక్టర్ బాక్టీరియాను గటగటా తాగేసి, 2005లో రాబిన్ వారెన్‌తో కలిసి నోబెల్ బహుమతి అందుకున్నాడు. నా ప్రయోగ ఫలితం మాత్రం అంతకాలం ఆగలేదు. గంటన్నరలో, సరిగ్గా ఉదయం రౌండ్సులో వచ్చింది.

మొదటి మంచం మీదున్నాయనకు ఆపరేషన్ అయినప్పటి నుంచి పేగుల్లో కదలిక లేదు. ప్రొఫెసర్ గారు ఆయన పొట్ట మీద స్టెతస్కోపు ఆనించబోతుండగా గడగడమని పెద్ద చప్పుడు. రోగి భార్య రెండు చేతులూ జోడించి "కదిలాయి సార్, పేగులు కదిలాయి!" అంది. సార్ స్టెతస్కోపు పెట్టి విన్నారు. తల ఎత్తి నా వైపు చూశారు. రెండో గర్జన వినిపించే సమయానికి నేను వార్డు తలుపు దగ్గర ఉన్నాను.

తర్వాతి వైవా బాత్రూం తలుపుకు అటూ ఇటూ జరిగింది. ఈలోగా నర్సుకు ఖాళీ సీసా దొరికిందన్నమాట.

"ఏమయ్యా, పాలీఇథిలీన్ గ్లైకాల్ ఎలా పనిచేస్తుంది?"

"రక్తంలోకి ఇంకదు సార్. నీటిని పేగులోనే పట్టి ఉంచుతుంది సార్."

"ఎంతసేపటికి మొదలవుతుంది?"

"గంట, గంటన్నర సార్."

"ఎప్పటికి ఆగుతుంది?"

ఆ జవాబు నాకూ అవసరమే. ఆయన కాసేపు ఎదురుచూసి, "పేగు శుభ్రతకు మార్కులేసే బోస్టన్ కొలత ప్రకారం తొమ్మిదికి నీకు తొమ్మిదీ వేసేయవచ్చు" అని వెళ్ళిపోయారు.

పెద్దావిడకు నా డబ్బులతో కొత్త పొట్లం తెప్పించాం. పరీక్ష మధ్యాహ్నానికి వాయిదా పడింది. కొలనోస్కోపు నా సహాధ్యాయి చేతికి వెళ్ళింది. కాశీయాత్ర అతనే చేసి వచ్చాడు. పెద్దావిడ పేగులో భయపడవలసినదేమీ కనిపించలేదు. సాయంత్రం గోడ పట్టుకుంటూ వెళ్ళి క్షమాపణ చెప్పుకున్నాను.

"దాహమైతే అడగవచ్చు కదా నాయనా, నీకూ ఒక గ్లాసు పోసేదాన్ని" అంది జాలిగా.

ఆరు నెలల తర్వాత ఆమె ఓపీకి వచ్చింది. దూరం నుంచి నన్ను గుర్తుపట్టి నవ్వింది. నవ్వుతూనే, పక్కన పెట్టుకున్న నీళ్ళ సీసాను మెల్లగా కొంగు కిందికి జరుపుకుంది.