ప్రింటు ఇచ్చింది ఇక్కడ, వచ్చింది అక్కడ

మా కంపెనీ చాలా దేశాల్లో ఉంది. ఉందంటే ఉంది, అంతే. ఎవరి కుంపటి వాళ్లదే. ఎవరి సర్వర్లు వాళ్లవి, ఎవరి పాస్‌వర్డు రూల్సు వాళ్లవి. హెడ్డాఫీసుకి ఉన్నట్టుండి జ్ఞానోదయమై అందరికీ ఒకే నెట్‌వర్కు, ఒకే లాగిన్, ఒకే ప్రింట్ సర్వరు అంది. ఆ మీటింగుల సంగతి వదిలేద్దాం. నిన్న ప్రారంభోత్సవం. అన్ని దేశాల వాళ్లూ వీడియో కాల్‌లో ఉన్నారు. మా యూనిట్ తరఫున తొలి ప్రింటు తీసి చూపించే భాగ్యం నాకు దక్కింది.

నొక్కాను. నా వెనకున్న ప్రింటరు కిక్కురుమనలేదు.

ఇక్కడ కాస్త ఆగి చెప్పాలి. ఆఫీసు లోపల వాడుకోవడానికి కొన్ని ఐపీ అడ్రసులు (నెట్‌వర్కులో ఒక్కో యంత్రానికీ ఉండే నంబర్లు) విడిగా కేటాయించారు. 1996 నాటి ఆర్‌ఎఫ్‌సీ 1918 అనే ఇంటర్నెట్ నియమాల పత్రంలో ఆ లెక్క ఉంది. 10తో మొదలయ్యే వరసలోనే 1,67,77,216 అడ్రసులు, ఎవరినీ అడగక్కర్లేదు. ఇన్ని ఉండగా మా యూనిట్లన్నీ కూడబలుక్కున్నట్టు 10.1.1 దగ్గరే మకాం పెట్టాయి. విడివిడిగా ఉన్నన్నాళ్లూ బాగానే ఉంది. కలిపేసరికి ఒకే అడ్రసుకి ఇద్దరు తేలారు. ఎవరో ఒకరు నంబర్లు మార్చుకోవాలి, లేదా మధ్యలో నాట్ (NAT) అని, దారిలో అడ్రసులు మార్చి పంపే ఏర్పాటు పెట్టాలి. ప్రతి యూనిటూ "వాళ్లని మార్చుకోమనండి" అంది. హెడ్డాఫీసు ఆర్కిటెక్టు గారు "రెండో దశలో చూద్దాం" అన్నారు. మొదటి దశ నా నెత్తిన పడుతుందని ఆయనకి తెలియకపోవచ్చు. తెలిసినా అదే మాట అనేవారు లెండి.

ఇంతలో కాల్‌లో ఓ మూల బాక్సులో, వేరే ఖండంలో, ఒకాయన కుర్చీలోంచి లేచాడు. వెనక ప్రింటర్లోంచి కాగితం తీసి కెమెరాకి చూపించాడు. నా పేరుతో సహా, నా తొలి ప్రింటే! చప్పట్లు. డెమో అంటే ఇదే అనుకున్నారు అందరూ. ఖండాంతర ముద్రణ! నేనూ వినయంగా తల వంచాను.

ప్రింటరు అక్కడితో ఆగితే బాగుండేది. నెట్‌వర్కులు కలపడం మొదలైనప్పటి నుంచి సర్వరు క్యూలో ఇరుక్కున్న నా పాత ప్రింట్లన్నీ దారి దొరికిందని దిగడం మొదలెట్టాయి. ఆయన మరీ పద్ధతైన మనిషి. ఒక్కో కాగితం కెమెరా ముందు పెట్టి, పైకి చదివి, చక్కగా దొంతర పేరుస్తున్నాడు. నా లీవు దరఖాస్తు. నా కారు ఇన్సూరెన్సు. ఆ తర్వాత, నంబర్లు వేసి మరీ రాసుకున్న "ఆర్కిటెక్టు గారు అడిగే ప్రశ్నలు, నవ్వకుండా చెప్పాల్సిన జవాబులు".

"మూడో జవాబు నాకు అర్థం కాలేదు" అన్నారు ఆర్కిటెక్టు గారు.

మైకు పనిచేయనట్టు ఉత్తినే పెదవులు కదిపాను.

తర్వాత ఐటీ వాళ్లకి ఫిర్యాదు టికెట్ పెట్టాను. వెంటనే మూసేశారు: "సర్వరు లాగ్ ప్రకారం ప్రింటు విజయవంతం. సమస్య లేదు." ఇవాళ పొద్దున ఆటోమేటిక్ మెయిలొకటి వచ్చింది. నా కాగితాలు ట్రేలో ఉండిపోయాయట, సాయంత్రం ఐదులోపు వచ్చి తీసుకెళ్లాలట. ఐదంటే ఏ దేశం టైమో రాయలేదు.