కాన్పుకు ముందే అడగాల్సిన మాట

తెలంగాణలో ప్రైవేటు ఆసుపత్రిలో కాన్పయిన ప్రతి 100 మందిలో 81 మందికి పైగా పెద్దాపరేషన్ జరుగుతోంది. ఆంధ్రప్రదేశ్‌లో ఆ లెక్క 63. 2019-21 మధ్య జరిగిన అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చిన సంగతి ఇది. ప్రభుత్వ, ప్రైవేటు కాన్పులన్నీ కలిపి చూసినా తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం సిజేరియన్లే. దేశ సగటు మాత్రం 21.5 శాతం. ఒక జనాభాలో సిజేరియన్లు 10 శాతం దాటిన తర్వాత, వాటి సంఖ్య పెరిగినంత మాత్రాన తల్లీబిడ్డల మరణాలు తగ్గుతున్నట్లు ఆధారం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లోనే చెప్పింది. తెలుగింటి ఆడపిల్లల దేహాలు మిగతా దేశంలోని వారికన్నా ఇంతగా వేరైపోయాయని ఎవరూ అనలేరు. తేడా చాలావరకు మన ఆసుపత్రులు నడిచే తీరులోనే ఉంది.

ఇలాంటి చోట సహజ ప్రసవం కోరుకునే మహిళ అన్నిటికన్నా ముందు ఒకటి తేల్చుకోవాలి. తనను చూస్తున్న డాక్టరు ఆ కోరికకు నిజంగా అండగా నిలుస్తారా, లేక నొప్పులు మొదలయ్యేదాకా మాటతో నెట్టుకొస్తారా? కాన్పు గది గుమ్మంలో తేల్చుకునే సంగతి కాదిది. ఆరో నెలలోనో ఏడో నెలలోనో, ఇంకా దారి మార్చుకునే వీలున్నప్పుడే తేలాలి.

మన ఓపీల్లో ఈ ప్రశ్నకు చోటెక్కడ? గర్భిణి రెండు గంటలు బెంచీ మీద కూర్చుంటుంది. పేరు పిలిచాక లోపలికి వెళితే బరువు, బీపీ, బిడ్డ గుండె చప్పుడు, ఐరన్ మాత్రల చీటీ, అంతే. ఫైలు చేతికి వస్తుంది, తలుపు దగ్గర తర్వాతి పేరు వినిపిస్తుంది. అప్పుడు లేచి నిలబడుతూ, తల్లి వైపో అత్త వైపో ఒకసారి చూసి, “మేడం, నార్మల్ అవుతుందా?” అని అడుగుతుంది. “చూద్దామమ్మా, ప్రయత్నిద్దాం” అని జవాబు. అబద్ధమని అనలేం. కానీ అందులో ఆమెకు పనికొచ్చే సమాచారం ఏమీ లేదు. పదిమందిలో ఎనిమిది మందికి ఆపరేషన్ చేసే డాక్టరూ అదే అంటారు, ఇద్దరికి చేసే డాక్టరూ అదే అంటారు.

కాబట్టి అవును, కాదు అని జవాబిచ్చి తప్పించుకునే వీలు లేకుండా అడగాలి. మొదట లెక్క అడగాలి: “తొలి కాన్పు, ఒక్కటే బిడ్డ, తల కిందికి ఉంది, నెలలు నిండాయి. నాలాంటి వాళ్లలో మీ దగ్గర ఎంతమందికి ఆపరేషన్ అవుతోంది?” ఆసుపత్రి మొత్తం లెక్క వేరు. పెద్దాసుపత్రికి కష్టమైన కేసులు ఎక్కువగా వస్తాయి కనుక అక్కడ శాతం పెరగడం సహజమే. అందుకే గర్భిణులను పది తరగతులుగా విడదీసి లెక్క చూసే రాబ్‌సన్ పద్ధతిని వాడమని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తోంది. అడిగిన గర్భిణి తరగతి లెక్క చెప్పగలిగిన డాక్టరు తన పనిని తాను పరిశీలించుకుంటున్నారని అర్థం. సరిగ్గా అంకె గుర్తులేకపోయినా “సుమారు ఇంత” అని చెప్పడానికి వెనుకాడకపోవడం మంచి గుర్తే. అడిగినందుకే ముఖం ముడుచుకుంటే, జవాబు దొరికినట్లే.

రెండోది, ఏయే కారణాలకు ఆపరేషన్ చేస్తారని. మాయ గర్భాశయ ముఖద్వారానికి అడ్డుపడితే, బిడ్డ అడ్డం తిరిగితే, బొడ్డుతాడు ముందుగా జారితే, నొప్పుల మధ్య బిడ్డ గుండె చప్పుడు పడిపోతే కత్తి పట్టాల్సిందే. వీటిలో కొన్నిట్లో కాస్త ఆలస్యమైనా ప్రాణం మీదికి వస్తుంది. సిజేరియన్ ఎందరో తల్లుల, బిడ్డల ప్రాణాలు నిలిపిన శస్త్రచికిత్స. దాన్ని తక్కువ చేసే ఉద్దేశం మాకు లేదు. మా అభ్యంతరమంతా మన ఊళ్లలో రోజూ వినిపించే మరికొన్ని కారణాల మీద. వాటిలో మొదటిది “పేగు మెడకు చుట్టుకుంది” అన్న మాట. స్కానింగ్ కాగితంలో ఆ ఒక్క వాక్యం చూడగానే ఇంటిల్లిపాదీ హడలిపోతారు. అమ్మమ్మ దేవుడికి మొక్కుకుంటుంది, తండ్రి డబ్బు సర్దడానికి పరుగెడతాడు. నిజానికి పుట్టే ప్రతి నలుగురైదుగురు బిడ్డల్లో ఒకరికి మెడ చుట్టూ బొడ్డుతాడు ఉండటం మామూలు. వాళ్లలో అత్యధికులు సహజంగానే పుడతారు, బయటికి రాగానే మంత్రసాని, నర్సు, డాక్టరు ఎవరైనా దాన్ని వేలితో తప్పిస్తారు. అదొక్కటే ఆపరేషన్‌కు కారణం కాదు. బిడ్డ గుండె చప్పుడు నొప్పుల సమయంలో ఎలా ఉందన్నదే చూడాల్సింది. “తల ఇంకా దిగలేదు” అన్నదీ అంతే. చాలామందికి నొప్పులు మొదలయ్యాకే తల దిగుతుంది. “తేదీ దాటింది” అన్న మాటకు వస్తే, వేరే సమస్య లేని గర్భిణికి 41 వారాలు నిండకముందు నొప్పులు రప్పించే మందులివ్వడాన్ని కూడా ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫార్సు చేయడం లేదు. ఇలాంటి కారణాలను డాక్టరు ఏ స్వరంతో చెబుతున్నారో గమనించాలి. వివరించి చెప్పేవారు వేరు, భయపెట్టి ఒప్పించేవారు వేరు.

మూడోది నొప్పుల గంటల గురించి. గర్భాశయ ముఖద్వారం గంటకు ఒక సెంటీమీటరు చొప్పున తెరుచుకోవాలని, లేకపోతే కాన్పు ఆగిపోయినట్లేనని ఒకప్పుడు లెక్కగట్టేవారు. 2018 మార్గదర్శకాల్లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ నియమాన్ని పక్కన పెట్టింది. అసలైన నొప్పుల దశ 5 సెంటీమీటర్ల దగ్గర మొదలవుతుందని, ఆ వేగం అందరికీ ఒకటిగా ఉండదని స్పష్టం చేసింది. నొప్పులు పడుతున్న తల్లి నడవవచ్చు, కూర్చోవచ్చు, ఇబ్బంది లేకపోతే నీళ్లు తాగవచ్చు, కాస్త తినవచ్చు. తనకు నచ్చిన మనిషిని పక్కన ఉంచుకోవచ్చు. ప్రతివారికీ అలవాటుగా యోని ద్వారం దగ్గర కోత పెట్టి కుట్లు వేయడం తగదు. ఇవన్నీ ఆ మార్గదర్శకాల్లో ఉన్నవే. “నా పక్కన మా అమ్మ ఉండొచ్చా? నన్ను మంచం దిగి నడవనిస్తారా?” అని ముందుగానే అడిగితే, ఆ ఆసుపత్రి కాన్పు గది ఎలా నడుస్తుందో బయట నుంచే కనిపిస్తుంది. అలాగే “అర్ధరాత్రి నొప్పులొస్తే నా దగ్గర ఎవరుంటారు? మీరు ఊళ్లో లేకపోతే ఎవరు చూస్తారు?” అని కూడా అడగాలి. మాటిచ్చిన డాక్టరు ఒకరై, రాత్రి డ్యూటీలో ఉన్నవారు మరొకరైతే ఆ మాట నిలవదు.

ఇక్కడ ఒక హెచ్చరిక. “నార్మల్ గ్యారంటీ” అనే వారిని అసలు నమ్మవద్దు. కాన్పుకు హామీ ఇవ్వగల మనిషి లేరు. ఎప్పుడు వేచి ఉంటానో, ఎప్పుడు ఆగకుండా థియేటర్‌కు తీసుకెళతానో రెండూ చెప్పేవారే నిజమైన అండ. రక్తం, మత్తు డాక్టరు, పసిబిడ్డను చూసే డాక్టరు రాత్రి కూడా అందుబాటులో ఉన్నారా అన్నది అంతే ముఖ్యం. ఆ ఏర్పాటు లేని చోట సహజ ప్రసవం కోసం పట్టుబట్టడం ప్రమాదం.

డాక్టర్ల వైపు కష్టాన్నీ మేము చూడకపోలేదు. చిన్న పట్టణంలో ఒక్క డాక్టరే నడిపే నర్సింగ్ హోమ్‌లో తొలి కాన్పు నొప్పులు పన్నెండు, పదహారు గంటలు సాగుతాయి. ఉదయం ఓపీ, మధ్యాహ్నం ఆపరేషన్లు, రాత్రి కాన్పు ఒక్క మనిషి వల్ల కాదు. ఆపరేషన్ అయితే గంటలో ముగుస్తుంది, టైము మన చేతిలో ఉంటుంది. ఏదైనా జరగరానిది జరిగితే అద్దాలు పగలగొట్టే బంధువులు, “ఆపరేషన్ ఎందుకు చేయలేదు” అని నిలదీసే కోర్టు నోటీసులు ఎదురవుతాయి. చేసినందుకు ఎవరూ నిలదీయరు. ఈ చిక్కుముడి విప్పే దారి మంత్రసానితనాన్ని శాస్త్రీయంగా తిరిగి తెచ్చుకోవడమే. 2017లో తెలంగాణ ప్రభుత్వం, యునిసెఫ్, హైదరాబాద్‌లో కాన్పుల ఆసుపత్రులు నడిపే ఫెర్నాండెజ్ ఫౌండేషన్ కలిసి కరీంనగర్‌లో నర్సులకు మిడ్‌వైఫరీ శిక్షణ మొదలుపెట్టాయి. కేంద్రం 2018లో జాతీయ మార్గదర్శకాలు తెచ్చింది. నొప్పుల గంటలన్నీ తల్లి పక్కన ఉండే శిక్షణ పొందిన మనిషి, అవసరమైతే వెంటనే వచ్చే డాక్టరు: ఈ ఏర్పాటు ఉన్న ఆసుపత్రి దొరికితే సగం జవాబు దొరికినట్లే.

మన ఆచారం తెచ్చే చిక్కు ఇంకొకటుంది, దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. తొలి కాన్పు పుట్టింట్లో జరగాలి. హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఏడు నెలలు ఒక డాక్టరుకు చూపించుకుని, సీమంతం అయ్యాక ఒంగోలుకో నిజామాబాద్‌కో వస్తుంది. కొత్త డాక్టరుకు ఆమె ఎవరో తెలియదు, ఫైలు తప్ప. అడిగి నమ్మకం కుదుర్చుకున్న మాటలన్నీ వెనకే ఉండిపోతాయి. పుట్టింటికి వెళ్లాలనుకునేవారు అయిదారు నెలల్లోనే ఒకసారి అక్కడి డాక్టరును కలిసి ఇవే ప్రశ్నలు అడగాలి. పాత ఆసుపత్రి నుంచి రికార్డులు తెచ్చుకోవడం దయ కాదు: అడిగిన 72 గంటల్లో ఇవ్వాలని 2002 నాటి వైద్య మండలి నిబంధనలే చెబుతున్నాయి.

సంతకం సంగతి కూడా చెప్పుకోవాలి. రాత్రి పదకొండు గంటలకు కౌంటర్ దగ్గర ఇంగ్లిషులో అచ్చేసిన నాలుగు పేజీల కాగితం భర్త ముందుకు వస్తుంది. “ఇక్కడ, ఇక్కడ, ఇక్కడ” అని నర్సు వేలితో చూపిస్తుంది. అతను చదవడు, చదవనివ్వరు. లోపల మంచం మీద స్పృహతో ఉన్న ఆమెను ఎవరూ అడగరు. తల్లి అంగీకారంతో ఆపరేషన్ చేసేసిన సమీరా కోహ్లీ అనే రోగి కేసులో 2008లో సుప్రీంకోర్టు ఈ అలవాటుకు అడ్డుగీత గీసింది. మేజరైన రోగి స్వయంగా చెప్పగలిగినప్పుడు, ప్రాణం మీదికి వచ్చిన అత్యవసరం కానప్పుడు, బయట ఉన్న తల్లి ఇచ్చిన అంగీకారం రోగి అంగీకారం కాదని తేల్చింది. ఏం చేయబోతున్నారు, లాభనష్టాలేమిటి, వేరే దారి ఉందా అన్నది రోగికి అర్థమయ్యేలా చెప్పాలన్నది. పురిటి మంచం మీద ఉన్న ఆడపిల్లకూ ఇది వర్తిస్తుంది. “అమ్మాయితో ఒక్కసారి మాట్లాడారా?” అని అడిగే ధైర్యం ఆ భర్తకు ఉండాలి.

కుటుంబాలనూ ఒక మాట అనక తప్పదు. పంచాంగం చూపించుకుని, నక్షత్రం కుదిరిందని ముహూర్తానికి కడుపు కోయించే ఇళ్లు మన రెండు రాష్ట్రాల్లో తక్కువేమీ లేవు. నెలలు పూర్తిగా నిండని బిడ్డకు ఊపిరి సమస్యలొచ్చే ముప్పు ఉందని తెలిసి కూడా ఈ పని చేస్తున్నారు. డాక్టరు కాదంటే పక్క ఆసుపత్రికి వెళతామని బెదిరిస్తున్నారు. సహజ ప్రసవానికి నిలబడే డాక్టరు కావాలంటే, ముహూర్తం అడిగినప్పుడు కాదనే డాక్టరును గౌరవించడం నేర్చుకోవాలి. నొప్పులకు భయపడి తానే ఆపరేషన్ కోరుకునే అమ్మాయిని మాత్రం తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. నొప్పి తగ్గించే ఇంజెక్షన్, పక్కన మనిషి ఉంటాయని ఆమెకు ఎవరైనా చెప్పారా అన్నదే చూడాలి.

తొలి కాన్పు నిర్ణయం అక్కడితో తీరదు. ఒకసారి కోసిన గర్భసంచితో రెండో కాన్పుకు వచ్చినప్పుడు “మళ్లీ ఆపరేషనే” అని ముందే తీర్పు చెప్పేస్తున్నారు. తగిన వారిని ఎంచి, తగిన ఏర్పాట్లున్న చోట ప్రయత్నిస్తే సుమారు నలుగురిలో ముగ్గురికి సహజంగా కాన్పవుతుంది. పాత కుట్టు విడిపోయే ముప్పు 200 మందిలో ఒకరికి ఉంటుంది, అందుకే థియేటర్ సిద్ధంగా ఉన్న చోటే ప్రయత్నించాలి. ఇంకోవైపు, ఆపరేషన్లు పెరిగినకొద్దీ తర్వాతి గర్భంలో మాయ పాత కుట్టు మీద అతుక్కుని విపరీతంగా రక్తం పోయే ముప్పు పెరుగుతుంది. ఈ రెండు ముప్పులనూ పక్కపక్కన పెట్టి చెప్పే డాక్టరు దగ్గరే రెండో కాన్పు చూపించుకోవాలి.

ఇంత భారాన్నీ నిండు గర్భిణి నెత్తిన పెట్టడం న్యాయం కాదు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల ఆరోగ్య పథకం (సీజీహెచ్ఎస్) జాబితాలోని ప్రైవేటు ఆసుపత్రులు సిజేరియన్, సాధారణ కాన్పుల లెక్కలు ప్రదర్శించాలని 2017లోనే కేంద్రం కోరింది. రిజిస్ట్రేషన్ ఇచ్చేదీ, పునరుద్ధరించేదీ రాష్ట్ర ప్రభుత్వాలే కనుక అదే షరతు రెండు తెలుగు రాష్ట్రాల్లో కాన్పులు చేసే ప్రతి ఆసుపత్రికీ, ప్రభుత్వ ఆసుపత్రులతో సహా, పెట్టాలి. గత ఏడాది తొలి కాన్పులు ఎన్ని, వాటిలో ఆపరేషన్లు ఎన్ని, పాత సిజేరియన్ తర్వాత సహజంగా అయిన కాన్పులు ఎన్ని, కాన్పు గదిలోకి తోడును రానిస్తారా లేదా అన్నవి అందులో ఉండాలి. జిల్లా వైద్యాధికారి ఆ లెక్కను కేసు షీట్లతో సరిచూడాలి. ఆ బోర్డు తెలుగులో, ఓపీ బెంచీల ఎదురుగా, కూర్చున్న చోటి నుంచే చదవగలిగేంత పెద్ద అక్షరాల్లో ఉండాలి.