ఎర్రమట్టి దిబ్బల హెచ్చరిక బోర్డు గారికి

మహారాజశ్రీ బోర్డు గారి దివ్యసముఖానికి,

విశాఖ–భీమిలి బీచ్ రోడ్డున వచ్చేపోయే సామాన్యుడు చేసుకునే విన్నపం. ఉభయకుశలోపరి.

రుషికొండ దాటాక ఒకపక్క కొండలు, ఇంకోపక్క బంగాళాఖాతం. తొట్లకొండ చూసుకుని, మంగమారిపేట ఎండుచేపల వాసన పీల్చుకుని దిబ్బల దగ్గర దిగగానే ముందు దర్శనమిచ్చేది తమరే. చెత్త వేయరాదు, దిబ్బలెక్కరాదు అంటారు. మొన్న తమ స్తంభానికే బైకు ఆనించి, తమ నీడలోనే ముంత మసాలా తిని, పొట్లాలు తమ పాదాల దగ్గర సమర్పించుకున్నారు కుర్రాళ్లు. నైవేద్యం అనుకున్నారేమో, తమరు పల్లెత్తు మాట అనలేదు.

ఆ తర్వాత ప్రీవెడ్డింగ్ జంట దిగింది. నేలమీద జీరాడే గౌను, రంగుపొగ డబ్బాలు, నెత్తిమీద డ్రోను. "ఇంకొంచెం అంచుకి రా అమ్మా" అంటాడు ఫొటోగ్రాఫరు. ఆ పిల్ల అడుగేసినప్పుడల్లా అంచు విరిగి ఎర్ర ఇసుక జరజరా గెడ్డలోకి జారిపోతోంది. రాయిలా కనబడుతుంది గానీ గోరుతో గీకితే రాలే సరుకు. పక్క గోడమీద ఎవరో చెక్కిన బాణం గుచ్చిన గుండె ఉంది. రెండు వానలు పడితే ఆ గుండె పోతుంది, దాంతోపాటు కాస్త గోడా పోతుంది.

ఇక తమ వంశం సంగతి. వేల ఏళ్ల కిందట, సముద్రం ఇప్పటికంటే బాగా వెనక్కి ఉన్న రోజుల్లో, గాలి ఎగరేసుకొచ్చిన ఇసుకే ఈ దిబ్బలు. రేణువుల మీద ఐరన్ ఆక్సైడ్ పొర పట్టి ఎర్రబడింది. తమ మేకులకు పట్టిన తుప్పూ ఆ జాతిదే. మరి 2025 సెప్టెంబరులో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలో దిబ్బల పేరెక్కితే, తమ పేరు మాటమాత్రమైనా లేదు. ఘోరం కదూ?

2024లో ఇక్కడ యంత్రాలతో తవ్వుతున్నారని పెద్ద గొడవైంది. అందులో తమ తప్పేం లేదని నేనెక్కడైనా సాక్ష్యం చెబుతాను. తమకున్నది ఒకటే ముఖం, అదీ రోడ్డువైపు. వీపువైపు పొక్లెయిన్ వస్తే తమకెలా తెలుస్తుంది?

కాపలా మనిషిని పెడితే నెలనెలా జీతమివ్వాలి. నడవడానికి చెక్క బాట వేస్తే దానికి మరమ్మతులు. తమరికైతే ఒకసారి పెయింటు కొడితే చాలు, అదీ ఎవరైనా పెద్దాయన వస్తున్నాడంటేనే.

రేపోమాపో తమ పక్కనే లైట్లు వెలిగే పెద్ద అక్షరాలతో సెల్ఫీ పాయింట్ పెట్టినా పెడతారు. అప్పుడు ఫొటోలు ఆయనకి, కెమెరా బ్యాగులు తమకి. తగిలించుకోవడానికి వీలుగా ఉంటుంది, ఆ ఎడమవైపు మేకు మాత్రం ఊడనివ్వకండి.

ఇట్లు,
తమ విధేయుడు