ఆర్మీ వేలంలో పాతిక వేలకే బుల్లెట్ బండి? ఆ మెసేజ్‌కు మాటకు మాట జవాబు

వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతున్న మెసేజ్ సారాంశం ఇది. ఆర్మీ పక్కన పెట్టిన బుల్లెట్ బండ్లు, మారుతి జిప్సీ జీపులు డిపో దగ్గర కారుచౌకగా అమ్ముతున్నారట. ఆధార్ కాపీ, గేట్‌పాస్ ఫీజు పంపితే బండి ఇంటికే వస్తుందట. కాగితాలన్నీ ఆర్మీయే చూసుకుంటుందట. ఇత్తడి తూటాలు, షెల్ గుల్లలు కూడా తూకానికి దొరుకుతాయట. సర్కారు వేలం కాబట్టి భయం లేదట.

ఇందులో నిజం ఒక్కటే: వాడకం అయిపోయిన సామాను సైన్యం అమ్ముతుంది. విమానవాహక నౌక విక్రాంత్‌నే 2014లో సుమారు 60 కోట్లకు తుక్కు కింద అమ్మేశారు. ఆ ఒక్క నిజం చుట్టూ మిగతాదంతా అల్లారు.

"డిపో దగ్గర డబ్బు కట్టి తెచ్చుకోవచ్చు." అక్కడ ముందే రాసిపెట్టిన ధరంటూ ఏదీ ఉండదు. ఈ అమ్మకాలు ఎక్కువగా ఉక్కు మంత్రిత్వ శాఖ కింది ఎంఎస్‌టీసీ పోర్టల్‌లో ఈ-వేలంగా జరుగుతాయి. పాన్, బ్యాంకు వివరాలతో ముందు రిజిస్టర్ చేసుకోవాలి. కేటలాగ్‌లో నచ్చిన లాట్‌ను (కలిపి అమ్మే సరుకు గుట్టను), చెప్పిన రోజుల్లో గుర్తింపు కార్డుతో డిపోకు వెళ్లి చూడాలి. ధరావతు కట్టాలి, ఆ తర్వాతే పాట. పాటలో పైచేయి మీదే అయినా చాలా లాట్లకు 'ఆమోదానికి లోబడి' అనే షరతు ఉంటుంది. అమ్మేవాళ్లు ఒప్పుకోకపోతే సరుకు రాదు. ఒప్పుకుంటే మిగతా సొమ్ము, పన్నులు గడువులోపు కట్టాలి, డెలివరీ ఆర్డర్ తీసుకుని సొంత లారీతో ఎత్తుకుపోవాలి. ఆలస్యమైతే రోజుకింత చొప్పున స్థలం అద్దె పడుతుంది, ఇంకా ఆలస్యమైతే ధరావతు పోతుంది.

కొత్తవాళ్లు దెబ్బతినేది ఎక్కువగా 'లాట్' దగ్గర. చాలాసార్లు ఒక్క బండి కావాలంటే ఇవ్వరు, గుట్ట మొత్తం ఎత్తాలి. 'ఎక్కడున్నది అక్కడే, ఎలా ఉన్నది అలాగే' అన్నది షరతు. ఇంజిన్ లేదని, వైరింగ్ ఎలుకలు కొరికేశాయని తర్వాత గోల పెడితే వినేవాళ్లుండరు. అందుకే ఈ పాటల్లో చేయి తిరిగినవాళ్లు పాత ఇనుము వ్యాపారులే.

"కాగితాలు ఆర్మీయే ఇస్తుంది." ఇక్కడే అసలు మెలిక. పైకి చూసే బాణం గుర్తుతో ఉండే సైనిక నంబరు మోటారు వాహనాల చట్టం సెక్షన్ 60 కింద ఇచ్చింది. బండి కేంద్ర ప్రభుత్వ ఆస్తిగా ఉన్నంతకాలమే అది చెల్లుతుంది. చేతులు మారిన క్షణం నుంచి మామూలు బండిలాగే ఆర్టీవో దగ్గర మొదటినుంచీ రిజిస్టర్ చేయించాలి. కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 47వ నియమం మాజీ సైనిక వాహనాలకు ఫారం 21లో అసలు విక్రయ ధ్రువపత్రం అడుగుతుంది. తుక్కు కింద అమ్మిన లాట్‌కు ఆ పత్రం రాదు. అంటే బండి మీదే, రోడ్డు మాత్రం మీది కాదు. వాట్సాప్‌లో వచ్చే 'ఆర్మీ ఎన్‌వోసీ' (నిరభ్యంతర పత్రం) పీడీఎఫ్‌కు ఆర్టీవో కౌంటర్లో చిత్తుకాగితం పాటి విలువ కూడా లేదు.

వయసు చిక్కు కూడా ఉంది. 2023 ఏప్రిల్ 1 నుంచి 15 ఏళ్లు దాటిన ప్రభుత్వ వాహనాల రిజిస్ట్రేషన్ కొనసాగదు; అవి గుర్తింపు పొందిన స్క్రాపింగ్ కేంద్రానికే పోవాలి. రక్షణ అవసరాలకు వాడే ప్రత్యేక వాహనాలకు ఇచ్చిన మినహాయింపు సైన్యానికే గాని కొన్నవాడికి కాదు. ఇంకో ముక్క: 121వ నియమం ప్రకారం ఆలివ్ గ్రీన్ రంగు రక్షణ శాఖ బండ్లకే చెల్లు. ఫొటోలో మనసు లాగిన ఆ రంగునే ముందు గీకించాలన్నమాట.

"ఆధార్, గేట్‌పాస్ ఫీజు పంపండి." గేట్‌పాస్ ఎవరి సొంత యూపీఐకి డబ్బు పంపినా రాదు. పంపేసి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే సొమ్మును ఆపే అవకాశం అంత ఎక్కువ.

"సర్కారు వేలం, భయం లేదు." 2010లో ఢిల్లీ విశ్వవిద్యాలయం వాడకంలో లేని గామా ఇర్రేడియేటర్‌ను (రేడియోధార్మిక కిరణాలు ప్రసరింపజేసే ప్రయోగశాల యంత్రాన్ని) వేలంలోనే అమ్మింది. ఢిల్లీలోని మాయాపురి తుక్కు దుకాణంలో దాన్ని విప్పేసరికి లోపలి రేడియోధార్మిక కోబాల్ట్-60 బయటపడి ఒక కార్మికుడు చనిపోయాడు. అది సైనిక సామాను కాకపోయినా పాఠం ఒకటే: వేలం పత్రం సరుకు మీద హక్కునిస్తుంది, లోపల ఏముందో చెప్పదు. పాత విమానాల మీటర్లలో, దిక్సూచుల్లో చీకట్లో మెరిసే అంకెలకు రేడియోధార్మికమైన రేడియం పూత ఉండొచ్చు. అద్దం పగలగొట్టి గీకితే ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పాత బ్రేక్ లైనింగుల్లో, గాస్కెట్లలో ఊపిరితిత్తులను దెబ్బతీసే ఆస్బెస్టాస్ ఉండొచ్చు. పొడిగా రుద్దకుండా తడిపి తీయాలి.

"తూటాలు, షెల్ గుల్లలు తూకానికి." ప్రాణాలు తీసే మాట ఇదే. కాల్చాక మిగిలిన ఖాళీ గుల్లకు కూడా యూనిట్‌లో లెక్క ఉంటుంది. పేలుడు పదార్థం లేదని తనిఖీ చేసి ధ్రువీకరించాకే అది తుక్కు అవుతుంది. ఆ ధ్రువీకరణ లేకుండా తిరిగే సరుకు చాలావరకు ఫైరింగ్ రేంజుల్లో ఏరుకొచ్చిందే. పేలకుండా పడిపోయిన షెల్‌ను సైన్యంలో 'బ్లైండ్' అంటారు. తుపాకీ గొట్టంలో ఆ కుదుపుకు, తిరుగుడుకు ఫ్యూజ్‌లోని (షెల్‌ను పేల్చే భాగంలోని) రక్షణ గడి అప్పుడే విడిపోయి ఉంటుంది, అంటే కాల్చని షెల్ కంటే ఇది ఎక్కువ ప్రమాదం. షెల్ చుట్టూ ఉండే రాగి పట్టీ కోసం ఉలి పెట్టినా, గ్యాస్ కట్టర్ వేడి తగిలినా చాలు. ఘాజియాబాద్ దగ్గర 2004లో విదేశాల నుంచి వచ్చిన తుక్కులో కలిసిన షెల్స్ పేలి ఉక్కు కర్మాగారంలో పదిమంది చనిపోయారు. నియమాలు తెలిసినవాళ్ల చేతుల్లోనూ ఇవి పేలతాయి: 2018 నవంబర్ 20న వార్ధా జిల్లా పుల్గావ్ దగ్గర, నాశనం చేయడానికి తెచ్చిన పాత మందుగుండు దింపుతుండగా ఆరుగురు బలయ్యారు.

చట్టం సంగతి కూడా వినండి. ఆయుధాల చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత నిషేధిత ఆయుధాలు, మందుగుండు దగ్గర ఉంచుకుంటే 7 నుంచి 14 ఏళ్ల జైలు. తుక్కులో అలాంటిది కనిపిస్తే ఎత్తొద్దు, తిప్పొద్దు, నీళ్లు పోయొద్దు, ఆటోలో వేసుకుని స్టేషన్‌కు తీసుకుపోవద్దు. పడున్నచోటే వదిలేసి, మనుషుల్ని దూరంగా పంపి, 112కి ఫోన్ చేయండి. బాంబు స్క్వాడ్ వచ్చి అక్కడే చూసుకుంటుంది.