కార్లు లేవు సరే, నది నీళ్ల సంగతేంటి?

నెల రోజుల్లో ఈ మెసేజ్ నాకు పదకొండుసార్లు వచ్చింది. నేను సైకిల్ మీద తిరుగుతానని తెలిసిన ప్రతివాళ్లకూ దాన్ని చూడగానే నేనే గుర్తొస్తున్నాను కాబోలు. కింద "నీకు పనికొస్తుందని" అని ఒక ముక్క, దండం పెట్టే బొమ్మ. ఒకాయన రెండుసార్లు పంపి, "చూశావా లేదా?" అని ఫోన్ కూడా చేశాడు. చూశాను సార్. ఇదిగో జవాబు.

"ట్రాఫిక్ లేని సైకిల్ యాత్ర: ఎనిమిది రహస్యాలు" అని దాని పేరు. పైన పొగమంచులో అడవి దారి ఫొటో. ఎనిమిదింటి సారం ఒకటే: అడవుల్లో, నదీ లోయల్లో కార్లు రాని దారులున్నాయి, కార్లు లేవు కాబట్టి భయం లేదు, భయం లేదు కాబట్టి ఏ జాగ్రత్తా అక్కర్లేదు. దారులున్న మాట నిజం. కార్ల భయం లేని మాటా నిజమే. ఆఖరి ముక్క దగ్గరే రాసినవాడు దొరికిపోయాడు. వాడు అలాంటి దారిలో ఒక్క రోజు కూడా తొక్కి ఉండడు.

మొదటి రహస్యం: "కార్లు లేవు కనుక హెల్మెట్, లైట్లు దండగ." నేను ఇప్పటిదాకా గట్టిగా పడింది నాలుగుసార్లు. ఒకసారి తడి ఆకుల మీద, ఒకసారి వాన పడ్డ చెక్క వంతెన మీద, ఒకసారి చెట్టు వేరు తారును పైకి లేపిన చోట, ఒకసారి కార్లు రాకుండా దారి మొదట్లో పాతిన స్తంభానికి గుద్దుకుని. నాలుగింటిలోనూ కారు లేదు. నాలుగోసారైతే కార్లను ఆపడానికి పెట్టిన వస్తువే నన్ను పడేసింది! ఇక లైట్లంటారా, పాత రైలు మార్గాలను సైకిల్ దారులుగా మార్చినప్పుడు సొరంగాలు కూడా దారితో పాటే వస్తాయి. అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రంలోని ఎల్‌రాయ్-స్పార్టా దారిలో మూడు సొరంగాలున్నాయి. వాటిలో పెద్దది 3,810 అడుగులు, అంటే కిలోమీటరు పైనే. లోపల దీపాలుండవు, పైనుంచి నీళ్లు కారుతుంటాయి, మిట్టమధ్యాహ్నం కూడా చెయ్యి చాస్తే కనపడదు. సైకిల్ దిగి నడిపించుకుంటూ వెళ్లమని బోర్డే ఉంటుంది. అక్కడ లైటు దండగ అన్నవాణ్ణి ఆ చివరి నుంచి ఈ చివరికి గోడ తడుముకుంటూ రమ్మనాలి. ఇంకో మాట. ఈ దారులు మధ్యమధ్యలో మామూలు రోడ్లను దాటుతాయి. ఇరవై కిలోమీటర్లు పిట్టల కూతలు వింటూ వచ్చినవాడి చెవులు ఆ దాటే చోట అసలు పనిచేయవు. ఆ రోడ్డు మీద మాత్రం కార్లుంటాయి.

రెండోది: "నది వెంట దిగువకు వెళ్తే అంతా దిగుడే, తొక్కనక్కర్లేదు." లెక్క వేద్దాం. డాన్యూబ్ నది వెంట జర్మనీలోని పస్సావ్ నుంచి ఆస్ట్రియాలోని వియన్నా దాకా 300 కిలోమీటర్లకు పైగా సైకిల్ దారి ఉంది. ఆ దూరమంతటికీ నది దిగేది 150 మీటర్లు అటూ ఇటూ. కిలోమీటరుకు అర మీటరు. బల్ల మీద గోళీ పెడితే దొర్లుతుందేమో గానీ, సామాను కట్టిన సైకిల్ దొర్లదు. పైగా నది కొండను ఒరుసుకుని పారే చోట ఒడ్డున దారికి జాగా ఉండదు. దారి పైకెక్కి, చుట్టు తిరిగి మళ్లీ దిగుతుంది. నది ఎక్కదు, మనం ఎక్కుతాం.

అసలు దెబ్బ గాలిది. కొండల మధ్య లోయల్లో ఆకాశం తేటగా ఉన్న రోజున ఎండకు వాలులు వేడెక్కి, గాలి లోయ వెంట పైకి వీస్తుంది. మధ్యాహ్నం దాటాక అది బాగా పుంజుకుంటుంది. రాత్రికి దిక్కు మారుతుంది. అంటే దిగువకు పోయేవాడికి మధ్యాహ్నమంతా ఎదురుగాలే. తెల్లవారుజామున బయల్దేరి రెండింటికల్లా ఆగిపోయేవాళ్లను చూసి బద్ధకస్తులనుకునేవాణ్ణి. సాయంత్రం నాలుగింటికి చదునైన దారిలో చిన్న గేరు వేసుకుని ఆయాసపడ్డాక గానీ వాళ్ల తెలివి అర్థం కాలేదు.

ఇప్పుడు మూడోది. నిజానికి ఈ జవాబు రాస్తున్నదే దీనికోసం. "నీళ్ల బరువు మోయకండి. పారే నీటికి దోషం లేదు. అడవిలో నది నీళ్లు స్వచ్ఛం, దోసిలితో తాగండి, కావాలంటే గుడ్డతో వడకట్టుకోండి. మన శరీరానికి రోగనిరోధక శక్తి పెరుగుతుంది."

లోయ అంటేనే చుట్టుపక్కల పడిన ప్రతి చుక్కా దిగివచ్చే చోటు. పొలాల్లో చల్లింది, పశువులు వదిలింది, ఎగువ ఊళ్ల మురుగు, అన్నీ అక్కడికే చేరతాయి. మీరు సైకిల్ ఆపిన చోట అడవే ఉండొచ్చు. నది మాత్రం అక్కడ పుట్టలేదు కదా. పోనీ ఎగువన ఒక్క ఊరు కూడా లేదనుకుందాం. జింకలు, ఇతర అడవి జంతువులు మరుగుదొడ్లు కట్టుకున్నాయా?

జియార్డియా అని ఒక పరాన్నజీవి ఉంది. దాని తిత్తులు, అంటే గట్టి పొర కప్పుకున్న రూపాలు, చల్లటి నీళ్లలో వారాలు, నెలలు బతుకుతాయి. ఒక్కోటి పరిమాణం 10 మైక్రాన్లు అటూ ఇటూ, అంటే మిల్లీమీటరులో నూరో వంతు. మీ గుడ్డకు ఆకులు, పురుగులు, ఇసుక ఆగుతాయి. ఇవి ఆగవు. నీళ్లు అద్దంలా మెరుస్తున్నాయంటే మట్టి లేదని అర్థం, అంతవరకే.

"నేను తాగాను, నాకేం కాలేదు" అనేవాళ్లు ఈ మెసేజ్ కింద బోలెడుమంది. ఎప్పుడు చెప్తున్నారు ఆ మాట? తాగిన మర్నాడు. జియార్డియా లక్షణాలు మామూలుగా వారం, రెండు వారాల తర్వాత మొదలవుతాయి. అప్పటికి యాత్ర ముగిసి, ఫొటోలు పెట్టి, లైకులు లెక్కపెట్టుకుని ఇంట్లో ఉంటారు. కడుపు ఉబ్బరం, విరేచనాలు పట్టుకుంటే నిన్న బయట తిన్నదాన్ని తిట్టుకుంటారు. ఇది ఎవరి గురించో కాదు. ఏళ్ల క్రితం నేనూ, నాతో వచ్చిన మిత్రుడూ ఒక వాగులో సీసాలు నింపుకుని హాయిగా తాగాం. తొమ్మిదో రోజున నాకు మొదలైంది. మూడు వారాలు పీడించి, ఆరు కిలోలు తీసుకుపోయింది. "రెండు వారాల క్రితం ఎక్కడికెళ్లారు?" అని డాక్టర్ అడిగేదాకా వాగు మాట నాకు తట్టనే లేదు. నా మిత్రుడికి ఏమీ కాలేదు. వాడు ఇప్పటికీ తాగుతాడు. ఈ మెసేజ్ మొదట పంపింది కూడా వాడే! రోగనిరోధక శక్తి పెరగడమంటే ఇదేనేమో. వాడికి పెరిగింది, నాకు ప్యాంటు వదులైంది.

మరి ఏం చేయాలి? నీళ్లు తెర్లేలా ఒక నిమిషం మరిగించాలి. 2,000 మీటర్ల ఎత్తు దాటితే మూడు నిమిషాలు. అక్కడ నీళ్లు తక్కువ వేడికే మరుగుతాయి కాబట్టి. ఫిల్టర్ వాడేవాళ్లు దాని మీద రాసింది చదవాలి. ప్రయాణాల్లో వాడే మామూలు ఫిల్టర్లు జియార్డియాను, బ్యాక్టీరియాను ఆపుతాయి గానీ వైరస్‌లను ఆపవు. క్లోరిన్ బిళ్లలు వైరస్‌లకు పనిచేస్తాయి, క్రిప్టోస్పోరిడియం అనే ఇంకో పరాన్నజీవికి పెద్దగా పనిచేయవు. క్రిములను చంపే అల్ట్రావయొలెట్ దీపం బురద నీళ్లలో వట్టిదే. అందుకే ఈ క్రిములన్నిటికీ సరిపోయే పద్ధతి మరిగించడమే. అన్నిటికంటే తేలికైనది, ఊళ్లో నింపుకున్న సీసాలు మోయడం. నాలుగైదు గంటలు తొక్కేవాడికి మూడు లీటర్లు కావాలి. మూడు కిలోలు. "బరువు మోయకండి" అంటున్నది ఈ మూడు కిలోల గురించా? నది నీళ్లు తాగి నేను పోగొట్టుకున్న బరువులో ఇది సగం.

తాగకపోయినా ఒక సంగతి ఉంది. వరద తీసిన తర్వాతి నీళ్లలో, బురదలో లెప్టోస్పైరా అనే బ్యాక్టీరియా ఉండొచ్చు. జంతువుల మూత్రం నుంచి వచ్చేది. అది చర్మం మీది గీతల్లోంచి, కళ్లలోంచి కూడా ఒంట్లోకి పోతుంది. పెడల్ పళ్లు గీరుకోని పిక్కలున్న సైక్లిస్టును నాకు చూపించండి.

అమ్మయ్య. కొంచెం కోపం తగ్గింది.

నాలుగు: "బెల్ కొడుతూ వెళ్తే జంతువులు పారిపోతాయి." చప్పుడు చేయాలన్నది సరైనదే. కానీ సైకిల్ బెల్ పక్కన నడిచేవాడికే సరిగా వినపడదు. పైగా సైకిల్‌తో వచ్చిన చిక్కే అది, వేగంగా, నిశ్శబ్దంగా వచ్చి మీద పడుతుంది. 2016లో అమెరికాలోని గ్లేసియర్ నేషనల్ పార్క్ దగ్గర సైకిల్ తొక్కుతున్న ఒక అటవీశాఖ ఉద్యోగి మలుపులో గ్రిజ్లీ ఎలుగుబంటిని ఢీకొని, దాని దాడిలో చనిపోయాడు. అడవి తెలియని మనిషేం కాదు. ముందు ఏముందో కనపడని మలుపు దగ్గర వేగం తగ్గించి గట్టిగా అరవాలి. సిగ్గేస్తే పాట పాడండి, నా గొంతుకైతే జంతువులే కాదు, తోటివాళ్లు కూడా దూరం జరుగుతారు.

ఐదు: "రోజుకు 100 కిలోమీటర్లు ఎవరైనా తొక్కొచ్చు." తొక్కొచ్చు, ఒక రోజు. రెండో రోజు ఉదయం సీటు మీద కూర్చోబోతూ నాకు ఫోన్ చేయండి.

ఆరు: "ఫోన్‌లో మ్యాప్ ఉంటే చాలు." లోయలో సిగ్నల్ ఎవరిస్తారు? ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. అంతే.

ఏడో రహస్యం దగ్గరికి వచ్చేసరికి కత్తి నూరుకుని ఉన్నాను: "ఖరీదైన టూరింగ్ సైకిల్ కొనకండి. ఇంట్లో ఉన్నది చాలు." ఎన్నో ఏళ్లుగా దీనికి సరిగ్గా వ్యతిరేకంగా చెబుతున్నవాణ్ణి నేను. మంచి సైకిల్ లేకుండా దూరాలకు వెళ్లకండని కనీసం ముగ్గురి చేత డబ్బు ఖర్చుపెట్టించాను. రాయడానికి కూర్చుంటే ఒక్క గట్టి కారణం కూడా దొరకలేదు.

పాత రైలు దారుల సంగతే చూడండి. ఇనప పట్టాల మీద ఇనప చక్రం నిటారు ఎక్కలేదు కాబట్టి వాటిని మామూలుగా వంద మీటర్ల దూరానికి రెండు మీటర్ల ఎత్తుకు మించని వాలుతో వేసేవారు. అమెరికాలో పిట్స్‌బర్గ్, కంబర్‌లాండ్ మధ్య ఉన్న గ్రేట్ అలెగనీ పాసేజ్ దారి 240 కిలోమీటర్లు. కంబర్‌లాండ్ వైపు నుంచి అన్నిటికంటే ఎత్తైన చోటికి 38 కిలోమీటర్లలో 540 మీటర్లు ఎక్కాలి, తర్వాత పిట్స్‌బర్గ్ దాకా 200 కిలోమీటర్లు మొత్తం మీద దిగుడే. దానికి ముప్పై గేర్లెందుకు? టైర్లు కాస్త వెడల్పుగా, బ్రేకులు సరిగ్గా, సామాను వీపు మీద కాకుండా క్యారియర్ మీద ఉంటే చాలు. ఒకసారి నా ఖరీదైన సైకిల్ వెనక చక్రంలో చైన్ వైపు స్పోక్ విరిగి, గేర్ల చక్రం ఊడదీయలేక దారి పక్కన కూర్చున్నాను. ముందు బుట్ట ఉన్న మామూలు సైకిళ్ల మీద ఒక ముసలాయన, ముసలావిడ పక్కపక్కనే కబుర్లు చెప్పుకుంటూ నన్ను దాటిపోయారు. ఆవిడ చెయ్యి కూడా ఊపింది. పక్కపక్కనే తొక్కుతూ మాట్లాడుకోవడం వెనక హారన్ మోగని దారిలోనే కుదురుతుంది. ఈ మెసేజ్ రాసినవాడికి ఆ ఒక్కటి తెలుసు. నా చేత సైకిల్ కొనిపించుకున్న ముగ్గురికీ క్షమాపణ.

ఎనిమిదోది: "ఈ రహస్యాలను పదిమందికి పంపండి." పంపండి, నాకు తప్ప. పంపేముందు మూడోది మాత్రం కొట్టేయండి.