చుట్టూ చేరినవాళ్ల మాటకు విలువ లేదా?

ప్రమాదం జరిగిన చోటికి 108 వాహనం కన్నా ముందు చేరేది మేము. ఇది ఎవరూ కాదనలేని సత్యం. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో ఆ వాహనాలు మొదటిసారి రోడ్డెక్కాయంటారు. అంతకు ఎన్నో తరాల ముందు నుంచీ మేమున్నాం. నార్కట్‌పల్లి కూడలిలోనో, జడ్చర్ల చౌరస్తాలోనో, దేవరకొండ బస్టాండులోనో ఒక మనిషి కింద పడితే చాలు, అతనికి గాలి ఆడకుండా చుట్టూ నిలబడతాం. ఏం జరిగిందో తేలుస్తాం, తప్పెవరిదో నిర్ణయిస్తాం, మందేమిటో చెబుతాం, వీలుంటే వీడియో కూడా తీస్తాం. ఇంత చేసినా ఒక్క రూపాయి జీతం అడగలేదు, పండుగ సెలవు అడగలేదు. అటువంటి మా పట్ల ఆ వాహనంలోంచి దిగే ఈఎంటీల, అంటే అత్యవసర వైద్య సహాయకుల, ప్రవర్తన ఎలా ఉంటోందో లోకానికి తెలియజేయక తప్పడం లేదు.

అవమానం ఫోను దగ్గరే మొదలవుతుంది. ‘మనిషి పోయేలా ఉన్నాడు, తొందరగా రండి’ అని చెప్పి పెట్టేద్దామంటే పెట్టనివ్వరు. ఏ మండలం, ఏ గ్రామం, మనిషి మాట్లాడుతున్నాడా, ఊపిరి తీసుకుంటున్నాడా అని ప్రశ్నలు. ఎల్లమ్మ గుడి దగ్గర అని స్పష్టంగా చెప్పినా ఏ ఊరి ఎల్లమ్మ గుడి అని అడుగుతారు. ఉమ్మడి నల్లగొండ జిల్లాలో ఎల్లమ్మ గుడి లేని ఊరుంటే చూపించమనండి! వాహనాన్ని ఎటు తిప్పినా గుడి దొరుకుతుంది కదా.

సరే, వచ్చారు. దిగినవాడు పరుగున వస్తాడనుకుంటే రాడు. ముందు ఆగి నాలుగు దిక్కులా చూస్తాడు. కరెంటు తీగ తెగిందా, పెట్రోలు కారుతోందా, వెనక నుంచి లారీలు వస్తున్నాయా అని పరిశీలిస్తాడు. ప్రాణం మీద తీపి! మేము అవేవీ చూడం. హైవే మధ్యలో, మలుపులో, చీకట్లో, ఒకరి భుజం మీద ఒకరం చేతులు వేసుకుని నిలబడతాం. ఆ తరువాత అతను చేతులకు రబ్బరు తొడుగులు తగిలించుకుని, పడి ఉన్న మనిషి భుజం తట్టి, ‘అన్నా, నా మాట వినపడుతోందా?’ అని అడుగుతాడు. వినపడేవాడైతే మేమే అడిగేవాళ్లం కాదా? అంతటితో ఆగడు. ఊపిరి చూస్తాడు, నాడి చూస్తాడు, కళ్లలోకి లైటు వేస్తాడు, వేలికి ఏదో తగిలిస్తాడు. నోట్లో ఏమైనా అడ్డం పడిందా, ఛాతీ రెండు వైపులా సమానంగా లేస్తోందా అని ఒకదాని తరువాత ఒకటి తడుముతూనే ఉంటాడు. మేము పది గజాల దూరం నుంచి, బండి దిగకుండానే తేల్చిన విషయానికి ఇంత తతంగమా!

మా నిర్ధారణ శక్తి ఎంతటిదో తెలియాలంటే నల్లగొండలో ఒక సాయంత్రం జరిగింది వినాలి. నడి వయసు మనిషి ఒకడు తూలుతూ వచ్చి అరుగు మీద కూలబడ్డాడు. మాట ముద్దగా ఉంది, ఒళ్లంతా చెమట, అడిగినదానికి సంబంధం లేని జవాబులు. తాగాడని తేల్చడానికి మాకు క్షణం పట్టలేదు. అది ప్రాథమిక పరీక్ష మాత్రమే. అసలు శాస్త్రచర్చ ఆ తరువాత మొదలైంది. ఈత కల్లా, తాటి కల్లా? ఎండాకాలం కాబట్టి తాటి కల్లేనని ఒక పక్షం. ఇంత తూలాలంటే కల్తీ కల్లేనని మరో పక్షం. ఇరువైపులా అనుభవజ్ఞులున్నారు. వాదం మంచి రసపట్టులో ఉండగా ఆ ఈఎంటీ వచ్చాడు. ఏ పక్షం వాదనా వినకుండా వేలి చివర సూదితో పొడిచి, నెత్తురు చుక్క చిన్న యంత్రం మీద పెట్టాడు. నెత్తురులో చక్కెర 38 అని చూపించింది. 70 కన్నా తగ్గితేనే ప్రమాదమట. షుగరు మందు వేసుకుని అన్నం తినడం మరిచిపోయాడట. చక్కెర నీళ్లు తాగిస్తామని మాలో ఒకరు ముందుకొస్తే, స్పృహ సరిగా లేనివాడికి నోట్లో ఏదీ పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది అని ఆపి, చేతి నరానికి గ్లూకోజు ఎక్కించాడు. కాసేపట్లో ఆ మనిషి లేచి కూర్చుని, ‘మా ఇంటికి ఫోను చేశారా?’ అని స్పష్టంగా అడిగాడు. ఈత కల్లా తాటి కల్లా అన్న ప్రశ్న మాత్రం ఈనాటికీ తేలలేదు. మధ్యలో వచ్చి చర్చను చెడగొట్టినవారికి దాని గురించి చింత ఉన్నట్టు లేదు.

ఇంకో జిల్లాలో ఇంకో దారుణం. అచ్చంపేట వైపు పత్తి చేనులో మందు కొడుతూ ఒక కూలీ పడిపోయాడు. మిట్టమధ్యాహ్నం, మండుటెండ. వడదెబ్బ అని చిన్నపిల్లాడు కూడా చెబుతాడు. మేము తడిగుడ్డ కప్పి మజ్జిగ సిద్ధం చేస్తున్నాం. ఆ ఈఎంటీ చొక్కా వాసన చూశాడు. కనుపాపలు సూదిమొనలంత చిన్నవైపోయాయన్నాడు, నోటి నుంచి నురుగులా చొంగ కారడం చూపించాడు. పురుగుమందు ఒంటికి ఎక్కిందని తేల్చి, పదిమంది చూస్తుండగా ఆ మనిషి బట్టలు ఊడదీసి సబ్బు నీళ్లతో కడిగించాడు! మందు చర్మంలోంచి లోపలికి పోతుందట, తడిసిన బట్టలు ఒంటి మీద ఉన్నంతసేపూ పోతూనే ఉంటుందట. పరువు పోయేది పోయింది. పైగా కాల్ సెంటరులో ఉన్న డాక్టరుకు ఫోను చేసి, చూసిందంతా చెప్పి, అడిగి మరీ అట్రోపిన్ అనే విరుగుడు సూది వేశాడు. మందు వేసేముందు ఇంకొకరిని అడిగేవాడికి విద్య ఏం వచ్చినట్టు? మేము ఎన్నడైనా ఎవరినైనా అడిగామా?

ఫిట్స్ విషయంలో మా వైద్యానికి ఉన్న విజయాల రికార్డు ఏ ఆస్పత్రికీ లేదు. చేతిలో తాళాల గుత్తి పెట్టగానే ఫిట్స్ ఆగుతుంది. గిట్టనివాళ్లు, చాలా ఫిట్స్ రెండు మూడు నిమిషాల్లో వాటంతటవే ఆగుతాయి, తాళాల గుత్తి వెతికి తెచ్చేసరికి ఆ సమయం అయిపోతుంది, అంతే తప్ప ఇనుములో ఏమీ లేదంటారు. అలాగైతే ఐదు నిమిషాలు దాటినా ఆగనివాటి మాటేమిటని అడిగాం. అవే అసలైన అత్యవసరం, వాటికి మందు ఇవ్వాలి అన్నారు. అది మా తాళంచెవుల తప్పా? బహుశా ఆ తాళం తుప్పు పట్టి ఉంటుంది.

నల్లమల అంచు ఊళ్లలో, రాత్రి చేను కాపలాకు నేల మీద పడుకున్నవారికి పురుగు ముట్టినప్పుడు మేము తాడు బిగించి కడతాం, బ్లేడుతో గాటు పెడతాం, పామును చంపి సంచిలో వేసి చూపిస్తాం. కట్లపాము కాటైతే నొప్పీ ఉండదు, గుర్తూ సరిగా కనిపించదు, కాబట్టి ఏమీ కరవలేదని ధైర్యం చెప్పి పడుకోబెడతాం. తెల్లారి కనురెప్పలు వాలిపోతే నిద్ర చాలలేదంటాం. ఈఎంటీ వచ్చి, ఆ కాలును కదలకుండా కట్టె కట్టి పెట్టి, గాట్లు పెట్టొద్దంటాడు. చచ్చిన పాము కోసం వెతుకుతూ ఆలస్యం చేయొద్దంటాడు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర, ఈ నాలుగింటి విషానికీ ఒకే విరుగుడు మందు పనిచేస్తుందట. అంటే మా శ్రమ అంతా వృథా అని చెప్పడమే. అయితే ఇక్కడ ఒక తిరుగులేని సాక్ష్యం దొరికింది. మేము బిగించిన తాడును అతను వెంటనే విప్పలేదు! ఎందుకని అడిగితే, అంత గట్టిగా కట్టినదాన్ని ఒక్కసారిగా విప్పితే ప్రమాదం, ఆస్పత్రిలో మందు సిద్ధంగా పెట్టుకుని డాక్టరు విప్పాలి అన్నాడు. మా ముడి విప్పడానికి డాక్టరు కావాలి! మా పనితనానికి ఇంతకన్నా యోగ్యతాపత్రం ఏం కావాలి?

గుండె గురించి ఒక్క మాట చెప్పి వదిలేస్తాను, ఎందుకంటే దక్షిణ తెలంగాణలో గుండెజబ్బు లేదు. ఉన్నది గ్యాస్. ఛాతీ పట్టేస్తే గ్యాస్, ఎడమ చేయి లాగితే గ్యాస్, దవడ నొప్పి పుడితే గ్యాస్, చెమటలు కారితే గ్యాస్ ఎక్కువైందని అర్థం. సోడా ఉండగా ఛాతీకి వైర్లు అంటించడమేమిటి? ఆస్పిరిన్ మాత్ర ఇచ్చి మింగకుండా నమలమనడమేమిటి? మాత్ర మింగాలన్న సంగతి కూడా తెలియనివారి చేతుల్లో మన ప్రాణాలున్నాయి. త్వరగా నెత్తురులో కలుస్తుందని అతను ఏదో గొణిగాడు గానీ మేము వినలేదు.

ఊపిరి ఆగినవారి సంగతి మరీ విచిత్రం. మేము ముఖం మీద నీళ్లు చల్లి, అరికాళ్లు రుద్దుతూ ఉంటే, అతను మా చేతులు పక్కకు నెట్టి ఛాతీ మధ్యలో అరచేతులు పెట్టి నొక్కడం మొదలుపెట్టాడు. ఐదు సెంటీమీటర్ల లోతుకు తగ్గకుండా, నిమిషానికి 100 నుంచి 120 సార్లు. ఎముక విరుగుతుందయ్యా అని పెద్దమనిషి ఒకాయన హెచ్చరించాడు. విరిగితే అతుక్కుంటుంది పెద్దయ్యా, ముందు మనిషి ఉండాలి కదా అన్నాడు, నొక్కడం ఆపకుండానే. అక్కడితో ఊరుకున్నా బాగుండేది. తల ఎత్తి మావైపు చూసి, ‘ఒక్కడినే చేస్తే అలసిపోతాను, రెండు నిమిషాలకు ఒకరు చొప్పున మారాలి, ఎవరు వస్తారు?’ అని అడిగాడు.

అంతవరకు ముందు వరుస కోసం తోసుకున్నవాళ్లం ఒక్కసారిగా వెనక వరుస విలువ గ్రహించాం. ఒకరికి దుకాణం తెరిచి వచ్చిన సంగతి గుర్తొచ్చింది. ఒకరి మోకాలు నొప్పి పుట్టింది. పోలీసులు సాక్ష్యం కోసం తిప్పుతారని ఒకరు గుసగుసలాడారు. మోటారు వాహనాల చట్టంలో 2019లో 134ఏ సెక్షన్ చేర్చారు, ప్రమాదంలో సాయం చేసినవారి మీద కేసులు ఉండవు, ఇష్టం లేకపోతే పేరు కూడా చెప్పనక్కర్లేదు అని ఎవరో కాలేజీ పిల్ల చెప్పబోయింది. ఆ అమ్మాయిని మేము చాలా గంభీరంగా చూశాం. ఇటువంటి సమయంలో చట్టాలు మాట్లాడతారా? చివరికి ఆ అమ్మాయే వెళ్లి మోకాళ్ల మీద కూర్చుంది. సాయం చేసేవారికి రక్షణ ఇచ్చిన ఆ చట్టం, సాయాన్ని వీడియో తీసేవారిని పూర్తిగా విస్మరించిందని ఈ సందర్భంగా మనవి చేస్తున్నాను.

అన్నిటికన్నా పెద్ద అన్యాయం హైదరాబాద్–విజయవాడ హైవే మీద బస్సు బోల్తా పడ్డప్పుడు చూశాం. ఈఎంటీ వస్తూనే, ‘నడవగలిగినవారంతా లేచి ఆ చెట్టు కిందికి రండి’ అని కేక వేశాడు. మా ఊరి పెద్దమనిషికి ముంజేయి గీరుకుపోయింది, ఆయన తన హోదాకు తగినంత గట్టిగా అరుస్తున్నాడు. చెట్టు కిందికి నడిచి వెళ్లినందుకు ఆయన చేతికి ఆకుపచ్చ చీటీ కట్టారు. అంటే ఆఖరి వరుస. కిక్కురుమనకుండా పడి ఉన్న ఒక క్లీనరు కుర్రాడి దగ్గర మాత్రం ఈఎంటీ మోకరిల్లాడు. నిమిషానికి 30 కన్నా ఎక్కువసార్లు ఊపిరి తీసుకుంటున్నాడని, చెప్పిన మాట అర్థం కావడం లేదని ఎర్ర చీటీ కట్టాడు. తల, మెడ కదలకుండా ఇద్దరు పట్టుకుని, మెడకు పట్టీ వేసి, దుంగను దొర్లించినట్టు ఒక్క ఊపున పలక మీదికి తిప్పి, ఆ కుర్రాడినే ముందు ఎక్కించారు. పోయినసారి ఇటువంటివాడిని మేము కాళ్లూ చేతులూ పట్టుకుని మడతపెట్టి అర నిమిషంలో ఆటోలో కూరేశాం! అరిచేవాడిని వదిలి అరవనివాడిని ముందు చూడడం ఏ పాఠంలో రాశారో గానీ, ఈ పద్ధతి సాగితే మన సమాజంలో అరుపుకు ఉన్న గౌరవం ఏమైపోవాలి?

ఇక ఆస్పత్రి. హైదరాబాద్‌కే పోనీయండి అని మేమంతా ముక్తకంఠంతో చెబుతాం. నల్లగొండ నుంచి చూసినా, మహబూబ్‌నగర్ నుంచి చూసినా దాదాపు వంద కిలోమీటర్లే. వెళ్లేలోపు మనిషి ఉంటాడా అన్నది వేరే విషయం. గాయం తగిలిన తరువాతి మొదటి గంటను చట్టమే ‘గోల్డెన్ అవర్’ అని నిర్వచించిందని ఈఎంటీ వాదిస్తాడు. మహబూబ్‌నగర్‌లో 2016లోనే ప్రభుత్వ మెడికల్ కాలేజీ వచ్చింది, 2019లో నల్లగొండ, సూర్యాపేటల్లో వచ్చాయి, ముందు దగ్గరి చోట ప్రాణం నిలబెడదాం అంటాడు. మన జిల్లా ఆస్పత్రి మీద మన జిల్లావాడికే నమ్మకం ఉంటే ఇక మిగిలిందేమిటి?

కాబట్టి వచ్చే సోమవారం ప్రజావాణిలో అర్జీ పెట్టబోతున్నాం. 108 వాహనంలో సలహాదారుకు ఒక సీటు కేటాయించాలి, అదీ కిటికీ పక్కన. ఈఎంటీ తన పరీక్షలు మొదలుపెట్టే ముందు మా నిర్ధారణను లిఖితపూర్వకంగా తీసుకోవాలి. గ్యాస్‌ను విధిగా మొదటి కారణంగా పరిగణించాలి. సంతకాల దగ్గర మాలో మాకే చిన్న తగాదా వచ్చింది. ఎవరి పేరు ముందు ఉండాలన్నది ఇంకా తేలలేదు, బిగ్గరగా అరుస్తున్నవారికే ఇద్దామని ప్రస్తుతానికి అనుకుంటున్నాం. నడవగలిగినవారంతా ఆ రోజు ఉదయం కలెక్టరేట్ ముందున్న చెట్టు కిందికి రావలసిందిగా కోరుతున్నాను.